ఏది కోపిష్టి?

పెరట్లో ఇనప డ్రమ్ము సిద్ధంగా ఉంది. అందులో ఎండుపుల్లలు, పక్కన అగ్గిపెట్టె. పొద్దు వాలేలోగా గాజు షెడ్డులోని టమాటా మొక్కల్ని వేళ్లతో సహా పీకి అందులో పడెయ్యాలి. ఆకుల మీద మచ్చ తెగులు కనిపించాక తనిఖీకి వచ్చిన విత్తన కేంద్రం ఆఫీసరు పెట్టిన షరతు అది. ఆయన చూపిన దయ ఒక్కటే. ఏదో ఒక మొక్క గింజలు తీసుకోవచ్చు. వాటిని మందునీళ్లలో కడిగి విత్తన కేంద్రంలోని చల్లగదిలో దాస్తారు. మిగతాదంతా బూడిదే.

ఆ ఒక్క మొక్క ఏదన్నదే ఇప్పుడు తేలాలి.

వంటింటి బల్ల మీద మూడు పళ్లేలున్నాయి, మూడు మొక్కల నుంచి కోసిన మూడు పళ్లతో. మూడూ ఒకే ఎరుపు, ఒకే సొట్టలు, తొడిమ దగ్గర ఒకే తీరు పగుళ్లు. పాత సీసా అడుగున మిగిలిన గింజలు చల్లితే మొలిచినవి ఆ మూడే. అవి పక్క షెడ్డువాళ్లు కంపెనీ టమాటాలు వేసిన ఏడాది తీసిన గింజలు. తుమ్మెదలు అటూ ఇటూ తిరగకుండా ఊరుకోవు కదా. ఎందులో పక్కింటి పుప్పొడి కలిసిందో, ఎందులో కలవలేదో కంటికి తెలియడం లేదు. పరీక్ష చేయిద్దామంటే పక్కన పెట్టి పోల్చడానికి పాత మొక్క ఎక్కడా మిగల్లేదు. నోటితో తేల్చుకోవాల్సిందే.

ఆ టమాటా పేరు కోపిష్టి. వాన చినుకు పడితే చాలు, అలిగినట్టు పగిలిపోతుంది. దాని పుట్టుక ఎక్కడిదో తవ్వి తీసింది ఆ ఇంటావిడ మేనకోడలే. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి కావడంతో అందరూ ఆమెను పట్టా అని పిలుస్తారు. విత్తన కేంద్రంలో ఉద్యోగం వచ్చాక, సెలవు దొరికినప్పుడల్లా ముసలివాళ్ల గుమ్మాలు తొక్కింది. ఎవరో ఓడ కెప్టెన్ తెచ్చిన గింజ అని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. ఓడా లేదు, కెప్టెనూ లేడు. నాయనమ్మ ఆసుపత్రి వంటశాలలో పనిచేసేది. పగిలిన పళ్లు రోగులకు పనికిరావని పారేస్తుంటే సంచిలో వేసుకొచ్చి పిల్లలకు పెట్టేది, గింజలు దాచేది. ఏటా బాగున్నవి అమ్మకానికి పోయేవి, పగిలినవాటి గింజలే విత్తనానికి మిగిలేవి. పగిలేదాకా కొమ్మ మీదే పండింది గనక దానికా రుచి. ఓడ పోయినందుకు అత్త మూడు రోజులు అలిగింది గానీ, పట్టాకి మాత్రం ఓడకన్నా ఆ సంచే గొప్పగా అనిపించింది.

"పుట్టుక సరే. రుచి గుర్తుపట్టేది మీ మేనత్తగారేనా?" అన్నాడు ఆఫీసరు, కాగితాల మీంచి తలెత్తకుండా.

"అత్త నోరే సార్. నాయనమ్మ తరవాత ఆవిడే."

"నువ్వు నోరు పెట్టకూడదు. ఇంటిమనిషివి, పైగా మా ఉద్యోగివి."

"తెలుసు సార్."

అత్త కాఫీకని పాలు సన్నటి సెగ మీద పెట్టి, పొయ్యిగట్టుకి నడుం ఆనించి నిలబడింది. మొదటి ముక్క తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని గట్టిగా వాసన పీల్చింది. "ఆహా" అంది.

సరిగ్గా అప్పుడే పట్టా ముక్కుకి తగిలింది. పాలు అడుగంటుతున్నాయి. మాడు వాసన గదంతా కమ్ముకుంటోంది. ఆఫీసరు ముక్కు చిట్లించాడు. గిన్నెకు మూరెడు దూరంలో ఉన్న అత్త మాత్రం కళ్లు మూసుకుని టమాటా వాసన చూస్తూనే ఉంది.

పట్టా గబుక్కున వెళ్లి పొయ్యి ఆర్పింది.

"ఏమిటే?"

"పొంగుతాయని."

అత్త ఆమెకేసి ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకుంది. పట్టాకి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. చలికాలంలో అత్తకి పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. అప్పటినుంచి ఈ ఇంటికి ఎప్పుడొచ్చినా కూర మాడే ఉంటోంది. పొయ్యి పాడైందంటుంది, గిన్నె పల్చబడిందంటుంది. ఎవరి వంట నోట్లో పెట్టుకున్నా ఏది తక్కువైందో చెప్పే మనిషి ఆవిడ. ఈ చుట్టుపక్కల ఆవిడకున్న పేరంతా ఆ ముక్కు వల్లే.

"రెండోది," అంది అత్త, మూడూ తిన్నాక. "అనుమానం లేదు. రెండోదే."

ఆఫీసరు తీపి కొలిచే మీటరు మీద రసం చుక్క వేసి చూశాడు. "తీపి కూడా దీనికే ఎక్కువండీ. శభాష్. మీ నాలుకా మా మీటరూ ఒకటే మాటన్నాయి."

ఒకటే మాట అనవా మరి, అనుకుంది పట్టా. నాలుకకి తీపీ పులుపూ తెలుస్తాయి. మీటరుకైతే తీపి ఒక్కటే. మిగతాదంతా ముక్కు పని.

పళ్లేలు తీసే వంకతో మూడోదాని రసం వేలికి రాసుకుని, గోడ వైపు తిరిగి నాకింది. దవడలు పట్టేసేంత పులుపు. ఆ వెనకాలే, చిన్నప్పుడు ఈ బల్ల కింద కూచుని ఉప్పద్దుకు తిన్నదేదో గొంతులోంచి ముక్కులోకి ఎక్కింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కానీ చెప్పేదెలా? చెబితే పరాయివాడి ముందు అత్త పరువు పోతుంది. చెప్పకపోతే పక్కింటి కంపెనీ టమాటా మనవడొకడు కోపిష్టి పేరుతో చల్లగదిలో పడుకుంటాడు. అసలుది డ్రమ్ములో కాలిపోతుంది. పోనీ తన నాలుకే పొరబడిందేమో!

"కానివ్వండి మరి. మిగతావి పీకేయమనండి," అంటూ ఆఫీసరు కలం మూత పెట్టాడు.

"రెండోది ఉంచండి" అని అత్త కిటికీలోంచి కేకేసింది. పెరట్లో మామయ్య కనిపిస్తున్నాడు. చేతులకు తొడుగులు వేసుకుని, పార పట్టుకుని షెడ్డులోకి వెళ్తున్నాడు. మొదటి మొక్క పెళ్లగించి బయటికి విసిరాడు. రెండోదాన్ని జాగ్రత్తగా దాటి మూడోదాని ముందు వంగాడు.

"మామయ్యా, ఆగు!"

కేకకి అందరూ ఉలిక్కిపడ్డారు. ఏం చెప్పాలో పట్టాకి అప్పటికింకా తెలియదు. నోటికొచ్చింది అనేసింది. "మామయ్యకి... పెట్టనేలేదు కదా."

"ఆయన రుచితో మనకేం పనమ్మా?" అన్నాడు ఆఫీసరు విసుగ్గా.

"ఒక్క నిమిషం సార్."

మామయ్య మట్టికాళ్లతో గుమ్మం దగ్గరే ఆగాడు. "నాకెందుకే? మీ అత్త తిన్నాక మిగిలిందేదో పెడుతుందిగా."

"నోరు తెరువు."

మొదటి ముక్క నమిలాడు. "బావుంది."

రెండోది. "తియ్యగా ఉందే! బజార్లో కొన్నారా?"

పాలగిన్నె అడుగు గోకుతున్న అత్త చేతిలో గరిట ఆగిపోయింది.

మూడోది నోట్లో పడగానే మామయ్య భుజాలు పైకి లేచాయి. ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోయింది. చెయ్యి ఉప్పు డబ్బా కోసం గాల్లో వెతికింది.

ఆ కన్ను సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కుర్రతనంలో మొదటిసారి ఈ ఇంటికొచ్చి కోపిష్టి కొరికినప్పుడు కూడా అలాగే మూసుకుపోయింది. తనకి కన్నుకొట్టాడనుకుని అత్త చెయ్యెత్తింది. నాయనమ్మ నవ్వాపుకోలేక, "నీకు కాదే, టమాటాకి" అంది. ఆ తరవాతే వాళ్లకి పెళ్లయింది.

అత్త మొగుడి మొహంకేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. తరవాత పట్టాకేసి చూసింది. నీకు తెలిసిపోయిందన్నమాట అన్నట్టుంది ఆ చూపు. పట్టా తల దించుకుంది.

"ఆఫీసరుగారూ," అంది అత్త చివరికి. "కొట్టేయండి. మూడోది."

"అదేమిటండీ! అనుమానం లేదన్నారుగా. మార్చాలంటే కారణం రాయాలి."

"రాసుకోండి. చలికాలం జ్వరం వచ్చినప్పటినుంచీ నాకు వాసన తెలీదు. తీపి ఎక్కువున్నదే అసలుదేమోనని అనేశాను. ఆ పాలు మాడితే కూడా నాకు తెలీలేదు."

మామయ్య నోట్లో ముక్క నోట్లోనే ఉంది. "అందుకా కూర మాడుతోంది? నా మీద కోపమనుకుని ఇన్నాళ్లూ నోరు మూసుకుని తిన్నానే!"

"కోపం కూడా ఉంది లెండి."

ఆఫీసరు నవ్వలేదు. కలం మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "నేనేం రాయనమ్మా? భర్త కన్ను మూసుకుపోయిందనా?"

"గుర్తించే పద్ధతి అని ఒక గడి ఉంది సార్," అంది పట్టా మెల్లగా. "అందులో రాయొచ్చు."

ఆయన ఆమెకేసి చూశాడు, మామయ్యకేసి చూశాడు. మూడో పళ్లెం దగ్గరికి లాక్కుని, తనే ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. దవడలు బిగుసుకున్నాయి. తరవాత రెండోది కొట్టేసి, కింద చిన్న అక్షరాలతో ఏదో రాశాడు.

పెరట్లో డ్రమ్ము అంటుకుంది. పట్టా మూడో మొక్క పళ్లు కోసి, గింజలు గుజ్జుతో సహా గాజు గ్లాసులోకి జార్చింది. అత్త పక్కనే నిలబడి చూస్తోంది.

"వేలు నాకావు. చూశాను."

పట్టా ఇంకో పండు చిదిమింది.

"నీకు ముందే తెలిస్తే నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

"నేనెలా చెబుతానత్తా?"

అత్త గ్లాసు అంచుకి అంటిన గుజ్జు వేలితో తీసి నాలుక మీద రాసుకుంది. "సరే, ఎలా ఉందో చెప్పు. తొందరేం లేదు, నెమ్మదిగా చెప్పు."

"ముందు పులుపు..."

"అది నాకూ తెలుస్తోందిలే. ఆ తరవాతది చెప్పు."