వంకాయ రంగు కారు

భాస్కర్ చెడ్డవాడు కాదు. ఈ ముక్క ముందే చెప్పెయ్యాలి. కథంతా విన్నాక చెబితే ఛీ పొమ్మంటారు.

అమలాపురంలో కాలేజీకి వెళ్ళే దారిలో అతనికో కొట్టు ఉండేది. ముందు గదిలో జిరాక్స్ మిషను, వెనక గదిలో ఐదు కంప్యూటర్లు. రెండువేల ఆరులో కుర్రకారుకి మెయిలూ గియిలూ ఎవడిక్కావాలి! అందరికీ కార్ల గేమే కావాలి. అందులోనూ పందెం కంటే ముస్తాబు మీదే మోజు. రంగు మార్చడం, వెనక రెక్క బిగించడం, పక్కన మంటల బొమ్మలు అంటించడం, కింద నీలం లైట్లు పెట్టడం. గంటసేపు ఆడడానికి కూర్చున్నవాడు యాభై నిమిషాలు కారుని పెళ్ళికూతురిలా సింగారించి, పది నిమిషాలు నడిపి, గోడకి గుద్దేసి లేచిపోయేవాడు.

ఆ పిచ్చి భాస్కర్ ఇంట్లోకీ వచ్చింది. తమ్ముడు నాగబాబు దుబాయ్ నుంచి సెలవుకి వచ్చి పాత మారుతి కారొకటి కొన్నాడు. "అన్నయ్యా, దీన్ని గేమ్‌లో కారులా చేయించేద్దాం" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ రెండ్రోజులు కూర్చుని కంప్యూటర్లో కారు తయారుచేశారు. రంగు ఎంచింది భాస్కరే. ఆ బొమ్మ ప్రింటు తీసుకెళ్ళి నాగబాబు రాజమండ్రిలో ఓ షెడ్డులో ఇచ్చాడు. మూడు వారాలకి కారు తయారైందని కబురొస్తే తెచ్చుకోడానికి వెళ్ళాడు.

ఆ రాత్రి ఇంటికి రాలేదు. మర్నాడు ఫోన్ చేసి, దారిలో గేదె అడ్డొచ్చిందనీ, ముందు లైటు పగిలిందనీ, బండిని రాజోలులో అత్తారింట్లో పెట్టాననీ చెప్పాడు.

"గేదెకేవైందిరా?" అన్నాడు భాస్కర్.

"లేచి వెళ్ళిపోయింది" అన్నాడు తమ్ముడు.

వారం తర్వాత దేవదానం కొట్టుకి వచ్చాడు. హాస్టల్లో ముప్ఫయ్యేళ్ళు వంట చేసి రిటైరైన మనిషి. చేతిలో పోలీసు కాగితం ఉంది, జిరాక్స్ కావాలి. కాగితం మిషన్లో పెడుతూ భాస్కర్ యథాలాపంగా అడిగాడు, ఏమైందండీ అని.

"మా ఆవిడండి, మేరీ" అన్నాడు ముసలాయన. "కొత్తపేట దాటేక, దీపాలు పెట్టే వేళ. నేను సైకిలు తొక్కుతున్నాను, తను వెనక కూర్చుంది. కారు గుద్దేసి ఆగకుండా పోయిందండి. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది."

"అయ్యయ్యో! నెంబరు చూశారా?"

"లేదు బాబూ. స్టేషన్లో హెడ్డుగారూ అదే అడుగుతున్నారు. ఏ కారంటే నేనేం చెప్పను? నాకు కార్ల పేర్లు తెలీవండి. చూస్తే చెబుతానన్నాను. ఎక్కడ నించి తెచ్చి చూపించమంటావయ్యా అని కసిరేరు." కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నాడు. "మా మేరీకింక నేను చెయ్యగలిగింది ఏవుంది బాబూ, ఆ కారేదో చెప్పడం తప్ప."

అప్పుడే వెనక గదిలో ఒక కంప్యూటర్ మీద ఎర్ర కారు పచ్చగా మారింది. గుమ్మంలోంచి అది చూసి దేవదానం అలాగే ఆగిపోయాడు.

"ఆ రంగు ఎలా మారిందండీ? మనకి కావలసినట్టు మార్చొచ్చా?"

భాస్కర్‌కి జాలేసింది. నిజంగానే జాలేసింది, అందులో దొంగతనం లేదు. ఆయన్ని ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన స్టూలు వేసుకున్నాడు.

"పెద్ద బండా, చిన్న బండా?"

"చిన్నదేనండి. వెనకాల నరికేసినట్టుంటది."

"రంగు?"

"వంకాయ రంగండి. ముదురు కాయ కాదు. గుత్తికూరకి ఏరుకుంటాం చూడండి, లేతది, నిగనిగలాడే రంగు."

భాస్కర్ వేలు కాసేపు కదల్లేదు. లోకంలో ఎన్ని కార్లు లేవు అనుకుని రంగు వేశాడు.

"వెనక ఎత్తుగా బల్లలాంటిది ఉందండి."

రెక్క పెట్టాడు.

"పక్కన తెల్లగా మంటల బొమ్మ. అలాక్కాదు బాబూ, తిరగెయ్యండి. వెనక నించి ముందుకొచ్చినట్టుండాలి."

మంటలు ఎవరైనా ముందు నుంచి వెనక్కి పెట్టించుకుంటారు. నాగబాబు తిరకాసు మనిషి, అందరిలా ఉంటే మనదేం గొప్పని తిప్పి పెట్టించాడు. భాస్కర్ బొమ్మ తిప్పాడు. అన్నదమ్ములు చేసిన కారు తెర మీద నిలబడింది.

దేవదానం కుర్చీలో వెనక్కి జరిగాడు. "అదే" అన్నాడు. రెండు చేతులూ తెర మీదకి చాపి, గట్టిగా ఏడ్చేశాడు. "అదేనండి! ప్రభువా, అదే!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మధ్యాహ్నం కోత. ఐదు తెరలూ నల్లబడ్డాయి.

"పోయిందా బాబూ?"

"పోయిందండి. రేపు రండి, మళ్ళీ చేద్దాం" అన్నాడు భాస్కర్.

కొట్టు మూసి రాజోలు బస్సెక్కాడు. నాగబాబు అత్తారి కొబ్బరికాయల పాకలో టార్పాలిన్ కింద ఉంది కారు. ముందు వైపు ఎత్తి చూశాడు. లైటు ఒక్కటే కాదు, పగిలిన చోట నల్లటి సైకిలు రంగు గీతలున్నాయి. తమ్ముడు వచ్చి వెనక నిలబడ్డాడు.

"గేదెన్నావు కదరా!"

నాగబాబు కాళ్ళ మీద పడ్డాడు. "పదిహేను రోజుల్లో వీసా అయిపోద్ది అన్నయ్యా. కేసైతే పాస్‌పోర్టు లాగేసుకుంటారు. నా బతుకు అయిపోద్ది."

"ఆగొచ్చు కదరా వెధవా! ఆగుంటే ఆవిడ బతికేదేమో!"

"భయమేసింది."

కొట్టాలని చెయ్యెత్తాడు భాస్కర్. కొట్టలేదు. తిరుగు బస్సులో వస్తుంటే ఒకటే మాట బుర్రలో తిరిగింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. మన భాషలో ఇలాంటి సామెతలకేం కొదవ లేదు. తప్పు చెయ్యబోయేవాడికి చేతికందే దూరంలో ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

మర్నాడు పదింటికే వచ్చాడు దేవదానం, ఉతికిన చొక్కా వేసుకుని. తెర ముందు కూర్చోగానే భాస్కర్ చిన్న కారు తీసి, చకచకా ముదురాకుపచ్చ రంగు వేశాడు.

"వంకాయ రంగన్నానేమోనండి" అన్నాడు ముసలాయన మెల్లగా.

"ముందలాగే అన్నారండి. వేసి చూపించేక కాదన్నారు. ఆకుపచ్చ వేస్తే అప్పుడు అదేనన్నారు. ఏడ్చేరు కూడాను, గుర్తులేదా?"

ఏడవడం ఆయనకి గుర్తుంది. దాంతో మిగతాదీ నిజమే అయ్యుండాలి అనుకున్నాడు. "చీకటి పడే వేళ కదా" అన్నాడు తనలో తను.

"అవునండి. ఆ వెలుగులో రంగులు మోసం చేస్తాయి."

"బల్ల?"

"బల్ల కాదండి, పైన సామాన్లు పెట్టుకునే కమ్మీలు. ఇదిగో." భాస్కర్ పైన కమ్మీలు పెట్టాడు. మంటల బదులు పక్కన ఒక తెల్ల చార లాగాడు. "నిన్న ఇలాగే చేశామండి."

దేవదానం చాలాసేపు చూశాడు. కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. ఆ ముసలి మొహంలో ఏదో పెనుగులాడడం భాస్కర్‌కి కనపడుతూనే ఉంది. ఛీ, ఒక మనిషి పెళ్ళాం చావుని అతని కళ్ళలోంచే దొంగిలించడం! ఇల్లు దోచుకున్నవాడు నయం.

"చదువుకున్నవాళ్ళు మీరు" అన్నాడు చివరికి దేవదానం. "నాకు ఆ రోజునించీ నిద్ర లేదు. నా బుర్రకంటే మీ మాటే నమ్మకం. తీసెయ్యండి ప్రింటు."

ఆ కాగితం స్టేషనుకి వెళ్ళింది. హెడ్డుగారు ఆకుపచ్చ కారు, తెల్ల చార అని రాసుకున్నారు. రావులపాలెం, జొన్నాడ వైపు షెడ్లలో అడిగించారు. అలాంటి బండి ఎక్కడా దొరకలేదు. లేని బండి ఎలా దొరుకుతుంది?

సంగతి తెలిసి నాగబాబుకి ధైర్యం వచ్చింది. లైటు మార్పించాడు, గీతల మీద రంగు వేయించాడు. దుబాయ్ వెళ్ళే ముందు రోజు, అన్నకి చెప్పి వెళ్దామని వంకాయ రంగు కార్లోనే పట్టపగలు కొట్టు ముందుకొచ్చి దిగాడు.

కొట్టులో దేవదానం ఉన్నాడు. మేరీ మరణ ధ్రువపత్రం జిరాక్సులు తీయించుకుంటున్నాడు. గుమ్మం దిగి కారు చూశాడు. చేతిలో కాగితాలు జారి కిందపడ్డాయి.

ఆయన కారు చుట్టూ నడిచాడు. రెక్క మీద చెయ్యి వేశాడు. మంటల బొమ్మ మీద వేళ్ళు వెనక నుంచి ముందుకి పోనిచ్చాడు. నాగబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. గుర్తుపడితే బాగుణ్ణు, ఈ బరువు దిగిపోతుంది అని భాస్కర్‌కి అనిపించింది. ఒక్క క్షణమే అనిపించింది.

దేవదానం భాస్కర్ వైపు తిరిగాడు. "బాబూ, మనం చేసింది ఆకుపచ్చదే కదండీ?"

ఒక్క మాట చాలు. చెప్పెయ్యొచ్చు.

"ఆయ్" అన్నాడు భాస్కర్. "ఆకుపచ్చేనండి."

ముసలాయన తలూపి, ఊపిరి వదిలాడు. "అవును. కళ్ళు మూసుకుంటే ఆకుపచ్చదే కనపడతంది. ఇది చూడగానే మాత్రం గుండె ఆగిపోయినట్టయింది. నా బుర్ర పాడైపోయిందండి." నాగబాబుకి ఎదురుగా వెళ్ళి చేతులు జోడించాడు. "మన్నించు నాయనా. నువ్వే మా ఆవిణ్ణి చంపేవని ఒక్క నిమిషం అనుకున్నాను. పాపపు ఆలోచన."

"పర్లేదండి" అన్నాడు నాగబాబు. పెదవులు మాత్రమే కదిలాయి.

"పరాయి బిడ్డ మీద నింద వేసేను. ఆదివారం గుళ్ళో నీ కోసం ప్రార్థన చేయిస్తాను. నీ పేరేంటి నాయనా?"

నాగబాబు అన్న వైపు చూశాడు. అన్న జిరాక్స్ మిషను వైపు చూశాడు.

"నాగబాబండి."

దేవదానం మరిచిపోకుండా ఆ పేరు రెండుసార్లు పైకి అనుకుని, కాగితాలు ఏరుకుని వెళ్ళిపోయాడు.