మంచాన పడింది ఒక్కడు కాదు

మిల్లు ఆసుపత్రిలో పెద్ద వార్డుకు తాళం వేసిన రోజు, రోగులను వ్యానుల్లో తెచ్చి మా గుమ్మాల ముందు బస్తాల్లా దించిపోయారు. బాయిలర్ పేలి నడుములు విరిగినవాళ్లు, ఒళ్లు కాలినవాళ్లు. ఎంత వైద్యం చేసినా వీళ్లు మళ్లీ పనికి రారు, అదంతా దండగ అని పెద్దాఫీసరు తేల్చేశాడట.

మా ఇళ్ల వరసలో ఉండే ఫిట్టరూ అలాగే వచ్చాడు. మెడ కింద ఏదీ కదలదు. అతని భార్య నూలు విభాగంలో నా పక్క మిషను మీద పనిచేసేది. అందరం అక్కా అనేవాళ్లం. డ్యూటీ దిగి ఇంటికెళ్తే అతన్ని ఎత్తాలి, కడగాలి, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పాలి. కూతురు బడి మానేసింది. అక్కకు కంటిమీద కునుకు లేదు. ఒకనాడు మిషను దగ్గర నిలబడే తూలింది. మిషను ఆమె చేతిని మోచేతి దాకా లాగేసుకుంది. నేను స్విచ్ కట్టేసేసరికి తెల్లటి నూలంతా నెత్తురు.

అజాగ్రత్త అని రాశారు ఆఫీసులో.

గాయం ఆరకముందే అక్క మీటింగుకు వచ్చింది. ముందు చెయ్యి సంగతి తేల్చుకుందాం, వార్డు గొడవ తర్వాత చూద్దామన్నాడు యూనియన్ నాయకుడు.

"రెండూ ఒకటే అన్నా. ఆయన్ని అక్కడ చూసుంటే నా చెయ్యి ఇక్కడ పోయేది కాదు. ఆయనొక్కడే మంచాన పడ్డాడనుకున్నారు వాళ్లు. నేనూ నా కూతురూ ఎవరి ఖాతాలోకొస్తాం?"

ఇళ్లలో మంచాలు మోస్తున్న ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు.

మర్నాడు పొద్దున్నే మంచాలతో సహా రోగులను భుజాలకెత్తుకుని ఆసుపత్రికి బయల్దేరాం. ముందు తన మంచమే పెట్టమన్నాడు ఫిట్టరు. మిల్లు గేటు దగ్గర కాపలావాళ్లు ఇనుప రాడ్లతో విరుచుకుపడ్డారు. అడ్డంపెట్టుకోవడానికి అతనికి చేతులు లేవలేదు. రెండో దెబ్బకే తల పగిలింది.

అక్క మంచం కోడు ఊడబెరికి, ఉన్న ఒక్క చేత్తో, కొట్టినవాడి దవడ పగలగొట్టింది. తర్వాత మమ్మల్ని ఎవరూ ఆపలేకపోయారు. రాళ్లు లేచాయి, గేటు కూలింది, వార్డు తాళం ముక్కలైంది. రోగులను పడకల మీద పడుకోబెట్టి, వాకిట్లో ఫిట్టరు శవాన్ని ఉంచి, తలుపులకు అడ్డంగా కూర్చున్నాం.

సాయంత్రం పోలీసులు దిగారు. అక్కను జుట్టు పట్టి వ్యాన్ ఎక్కించారు. ఆమె వదిలిన చోటులోకి కూతురు వచ్చి కూర్చుంది. దాని పక్కకు నాయకుడు జరిగాడు. మిల్లు ఆగిపోయింది. డ్యూటీ దిగాల్సినవాళ్లూ ఎక్కాల్సినవాళ్లూ ఒక్కటై, కూలిన గేటు తొక్కుకుంటూ మావైపు వస్తున్నారు.