నెమిలి చెక్కిన ములికి

నేను ఒక రాతి ములికిని. బాణం కొసన కూర్చుని అందరికంటే ముందు గాయంలోకి దూరేది నేనే. చిటికెన వేలంత లేనని చిన్నచూపు చూడకండి. ఒకప్పుడు ఒక మనిషి ప్రాణం నా మీదే ఆధారపడింది.

నన్ను చెక్కింది నెమిలి అనే ఆడమనిషి. గుహ వాకిట్లో కూర్చుని, చెకుముకి రాతిని దుప్పి కొమ్ముతో నొక్కి నొక్కి పెచ్చులు రాల్చి నాకు పదును తెచ్చింది. అప్పటికే ఆమెకు కాలు విరిగి ఉంది. దుంపలు తవ్వబోయి బండ మీంచి జారిపడింది. అదే సమయానికి వాగు ఎండిపోయింది. మర్నాడు గుంపంతా కొండ దాటి నీళ్ళు వెతుక్కుంటూ పోవాలి. ఆ ప్రయాణం నడవగలిగిన వాళ్ళకే. గుంపు పెద్ద కొమ్మడు ఆ మాట ఆమె ముఖం మీదే చెప్పాడు.

“నిన్ను మోసుకుంటా పోతే ఆలీసమైతాది నెమిలీ. పోయినెండల్లో అట్లనే ఇద్దరు పిల్లోళ్ళు దప్పికతో సచ్చిరి. ఇంగ నాతో కాదు.”

అతనేం రాక్షసుడు కాదు. ఆ ఇద్దరిలో ఒకడు అతని కొడుకే.

నెమిలి ఏడవలేదు. వేటకు బయలుదేరుతున్న ఉడుము అనే కుర్రాణ్ణి పిలిచి నన్ను అతని చేతిలో పెట్టింది.

“తమ్ముడూ, ఈ పొద్దు నా ములికి కట్టుకోని పో.”

ఉడుము ఆమె ముఖంలోకి చూసి తల ఊపాడు. అతనికి తెలుసు. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. వేట కొట్టినవాడిది కాదు, ములికి చెక్కినవాళ్ళది. మాంసం వాళ్ళే పంచాలి. అది తిన్నవాళ్ళు వానలు పడేదాకా పంచినవాళ్ళ చెయ్యి విడవకూడదు. వేటగాడి తలకు పొగరెక్కకుండా మనుషులు తమకు తామే వేసుకున్న మందు అది. చేదుగా ఉన్నా మింగేవారు.

ఆ రోజు ఎండకు గాలి కూడా ఆడలేదు. చాలాసేపటికి పొదల్లో ఒక దుప్పి కదిలింది. ఉడుము బాణం ఎక్కుపెట్టాడు. వింటినారి మోగింది. నేను పక్కటెముకల సందులోంచి దూసుకుపోయి, లోపల ఎముకకు తగిలి కొస విరిగి ఆగిపోయాను. దుప్పి చాలా దూరం పరిగెత్తి కూలింది.

సాయంత్రం ఉడుము దాన్ని గుహ ముందు దించి, ఆనవాయితీ ప్రకారం తన వేటను తనే తీసిపారేసి మాట్లాడాడు. “బక్కది. మోసుకొచ్చిండేదే దండగ.”

“ములికి ఎవురిది?” అన్నాడు కొమ్మడు.

ఉడుము గాయంలోకి వేళ్ళు దూర్చి నన్ను బయటికి లాగాడు. “నెమిలక్కది, మామా.”

ఆకలితో నకనకలాడుతున్న పిల్లలు నిప్పు దగ్గరికి జరిగారు. కార్జం కాలాక నెమిలి మొదటి ముక్క తీసి కొమ్మడికి చాపింది. పెద్ద తినకుండా ఎవరూ తినకూడదు. అతను ముక్క అందుకున్నాడు కానీ నోట్లో పెట్టుకోలేదు. తింటే ఆమెను వదలకూడదు. తినకపోతే గుంపంతా పస్తే. నాకు ఊపిరి ఉంటే బిగబట్టేదాన్ని. ముక్క చల్లారిపోతోంది. ఒక పసిది తల్లి రొమ్ము వదిలి ఏడుపు అందుకుంది. కొమ్మడు ఆ పసిదాన్ని చూశాడు, నెమిలి కాలు చూశాడు, కళ్ళు మూసుకుని ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

తిని ఒప్పుకున్న మాట పొద్దున్నకి నిలుస్తుందా? మనిషి కడుపు నిండాక మాట మరచిపోవడం నేనెరుగుదును. తెల్లవారింది. మూటలు లేచాయి. కొమ్మడు నెమిలి దగ్గరికి వచ్చాడు. ఆమెకు వీపు తిప్పాడు. నెమిలి ముఖం పాలిపోయింది.

అతను అలాగే గొంతుక్కూర్చున్నాడు.

“ఎక్కు. మెడ గట్టిగా పట్టుకో,” అన్నాడు.

కొస విరిగిన నన్ను బూడిద పక్కన వదిలేసి వెళ్ళిపోయారు. అంత సంతోషం నాకు మళ్ళీ ఎన్నడూ కలగలేదు.