చద్దరు నాలుగు కొసలు

దాజీ పేటలో అశ్విని చేతుల గురించి మాట్లాడని నోరు లేదు. పదిహేడేళ్ల పిల్ల, పొద్దస్తమానం కళ్ల ముందు వేళ్లు ఆడించుకుంటూ ఉంటుంది. మాట మాత్రం రోజుకు ఒకటో రెండో. మగ్గాల మోత, ఆటోల హారన్లు, జనం గొంతులు అన్నీ కలిసి మీద పడ్డప్పుడు ఆ వేళ్లు కదిలితేనే ఆమెకు ఊపిరి ఆడుతుంది. "ఆటిజం ఉన్న పిల్ల. ఆపకండి, దాంతోనే కుదుటపడుతుంది" అని డాక్టరు చెప్పింది వాళ్ల నాన్న యాదగిరికే.

ఆయన ఆ మాట పట్టుకున్నాడు కూడా. ఎవరైనా "చేతులు దించు" అంటే ఇంతెత్తున లేచేవాడు. "నా బిడ్డ చేతులు నీకేం అడ్డమొచ్చినయిరా?" అనేవాడు. సాయంత్రం పవర్‌లూమ్ నుంచి తెచ్చిన చద్దర్లను తండ్రీకూతుళ్లే మడతపెట్టేవారు, వాళ్ల మాటలో ‘ఘడీ’ చేసేవారు. ఆయన రెండు కొసలు, ఆమె రెండు కొసలు. "దా బిడ్డా" అనగానే ఎదురు నడిచొచ్చి తన కొసలు ఆయన చేతికి అందించేది. లోకంలో ఆమె తనంతట తాను దగ్గరికి వెళ్లేది ఆ ఒక్క మనిషి దగ్గరికే.

ఒకరోజు యాదగిరి కొడుకు మంగేశ్ సంబంధానికి విడీ ఘర్కుల్ కాలనీ నుంచి ఆడపిల్లవాళ్లు వచ్చారు. ఆటో గుమ్మం ముందు ఆగగానే యాదగిరి కొత్త చద్దరు విప్పాడు.

"దా బిడ్డా, ఘడీ చేద్దాం."

నాన్న పిలిచాడు, వచ్చింది. కొసలు అందించింది. ఆయన మడతపెట్టలేదు. ఆ చద్దరునే ఆమె చుట్టూ తిప్పి, చేతులు లోపలే ఉండేలా బిగించి, వెనక ముడి వేసి మూల కూర్చోబెట్టాడు. పేటలో ఎవరికీ తట్టని ఉపాయం కన్నతండ్రికే తట్టింది.

"జర సేపే. వాళ్లు పోయేదాక."

"పిల్ల ఎంత శాంతంగ ఉన్నది!" అని మెచ్చుకుంది వచ్చినావిడ. యాదగిరి నవ్వాడు. ఆ నవ్వు అశ్విని చూసింది. వేళ్లు కదపడానికి చోటు లేదు, గదినిండా గొంతులు. నెత్తురు వచ్చేదాకా పెదవి కొరుక్కుంది. వీధి మొత్తం వెక్కిరించినా ఆమెకు ఇంత నొప్పి కలగలేదు. చేసింది నాన్న. వాళ్లిద్దరి మడత పేరు చెప్పి పిలిచి చేశాడు.

మర్నాడు సాయంత్రం యాదగిరి చద్దరు పరిచి, రెండు కొసలు పట్టుకుని నిలబడ్డాడు.

"దా బిడ్డా."

తలుపు దగ్గర కదులుతున్న వేళ్లు ఆగిపోయాయి. అశ్విని రెండు చేతులూ వెనక దాచుకుంది. పేటంతా చూస్తున్నా ఆగని చేతులవి.

"నిన్న తప్పయింది బిడ్డా. ఇంకెన్నడు అట్ల చెయ్య."

అశ్విని గోడకు ఆనుకుని అక్కడే నిలబడింది. రెండు కొసలు ఆయన చేతిలో ఉన్నాయి, మిగతా రెండూ నేల మీదే ఉన్నాయి.