శౌరయ్య కేసు షీటులో పాము

ఉయ్యూరు చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో శౌరయ్య మాట నమ్మినవాడు ఒక్కడూ లేడు. అందుకే అతనంటే అందరికీ ఇష్టం.

పంచదార ఫ్యాక్టరీ కూత చెడిపోయిన రోజున తను తుమ్మితే షిఫ్టు మారిపోయిందని శౌరయ్య టీ బడ్డీ దగ్గర చెబుతాడు. ఎదుటి బల్ల మీద కూర్చున్న జక్కయ్య గ్లాసు కింద పెట్టి, "నిజమే అన్నా, ఆ తుమ్ముకే కదా మా గేదె నెల ముందు ఈనింది" అంటాడు. ఇద్దరికీ ఆ పూట అన్నం అరుగుతుంది. ఏటా ఈస్టరు ముందు శౌరయ్య పాపసంకీర్తనానికి వెళ్ళి, అబద్ధాలాడాను ఫాదర్ అని ఒప్పుకుంటాడు. "ఎవరైనా నమ్మారా?" అని అడుగుతారు ఫాదర్. "లేదు ఫాదర్." "అయితే అది పాపం కాదు, వెళ్ళిరా." అరవై ఎనిమిదేళ్ళుగా ఇలా పుణ్యాత్ముడిగానే బతుకుతున్నాడు.

క్రిస్మస్ అయిన వారానికి అతని పిక్కల మీద గడ్డలు లేచాయి. రేగుపండంతటివి, ఎర్రగా, ముట్టుకుంటే ప్రాణం పోయేటంత నొప్పి. ఎడమ కాలికి నాలుగు, కుడి కాలికి మూడు. ఒకటి పగిలి నూనెలాంటిది కారింది. ఫిబ్రవరిలో గుణదల కొండ మీద మాత తిరునాళ్ళ. పెళ్ళయిన నాటి నుంచి ఒక్క ఏడు కూడా తప్పకుండా శౌరయ్య, భార్య తెరేసమ్మ ఆ కొండ మెట్లు ఎక్కుతున్నారు. ఈసారి ఇంటి గుమ్మం మెట్టు దిగడానికే శౌరయ్య గోడ పట్టుకుంటున్నాడు. తెరేసమ్మ ఇంక ఊరుకోలేదు. పటమటలోని పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయింది.

చర్మం డాక్టరు వెంకటకృష్ణారావు గారి బల్ల మీద పలకలాంటి మిషనొకటి ఉంది. దాని మూలన పచ్చ దీపం వెలుగుతోంది. డాక్టరుకూ రోగికీ మధ్య జరిగే మాటలన్నీ అది విని, తనే ఇంగ్లీషులో రాసేస్తుంది. డాక్టరు గారు చివర్లో వేలితో ఒక్క పోటు పొడిస్తే సంతకం పడుతుంది. ఆ మిషను వచ్చాక ఆయన కలం పట్టలేదు. రాసింది చదవడం కూడా మానేశారని నర్సులు చెప్పుకుంటారు.

"ఇవి ఎలా వచ్చాయి, పెద్దాయనా?" అన్నారు డాక్టరు గారు, గడ్డ నొక్కుతూ.

శౌరయ్యకు నొప్పితో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఎలా వచ్చాయని అడిగిన మనిషికి తెలియదని చెప్పడం అతని వంశంలో లేదు.

"చెరుకు తోటలో ఉన్నానండి. తాడిచెట్టంత తాచుపాము. నా కాళ్ళు చూసి చెరుకు గడలనుకుందండి. ఏడు చోట్ల కొరికి రసం పీల్చింది. నేను పుట్టినకాడి నుంచి బెల్లం తిన్న ఒళ్ళు కదండీ. పాపం, దానికే సుగరొచ్చి వారంలో చచ్చింది."

తెరేసమ్మ తల కొట్టుకుంది. నర్సు మొహం తిప్పుకుని నవ్వింది. డాక్టరు గారు కూడా ముసిముసిగా నవ్వి, ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. చర్మం అడుగున ఉండే కొవ్వు వాచిందట. ఎందుకు వాచిందో తెలియాలంటే కొవ్వు దాకా లోతుగా కోసి, ముక్క తీసి పరీక్షకు పంపాలి. అది తేలాకే మందులు.

"నా ఒంట్లో కొవ్వెక్కడుందండీ?" అన్నాడు చెరుకు గడలా ఉన్న శౌరయ్య.

"ఒళ్ళు కొవ్వెక్కిందని నలభై ఏళ్ళ నుంచీ చెబుతున్నా. డాక్టరు గారు చెబితేగానీ నమ్మవు" అంది తెరేసమ్మ.

గదిలో నవ్వనిది మిషనొక్కటే. అది ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. డాక్టరు గారు వేలితో పొడిచారు. సంతకం పడింది.

శౌరయ్యకు మంచం ఇచ్చారు. సర్కారు ఆరోగ్య కార్డు మీద వైద్యం కాబట్టి, డబ్బు కట్టే పైవాళ్ళు అనుమతి ఇస్తే మర్నాడే ముక్క తీస్తామన్నారు. మర్నాడు కార్డుల కౌంటరులో పనిచేసే యేసుకుమార్ చేతిలో ఒక కాగితం పట్టుకుని, చావు కబురు తెచ్చినవాడిలా మంచం దగ్గరికి వచ్చాడు.

"అనుమతి రాలేదండి. వాళ్ళు నాలుగు ప్రశ్నలడిగారు. అది తాచుపామేనని ఎవరు తేల్చారు? ఏ రోజు, ఎన్ని గంటలకు కరిచింది? పోలీసులకు చెప్పారా? పాము కరిచినవాడికి విరుగుడు సూది వెయ్యకుండా కాలు కోసి కొవ్వు ఎందుకు తీస్తామంటున్నారు?"

"ఏ పాము?" అన్నాడు శౌరయ్య.

"మీ పామేనండి. ఏడు కాట్లు, ఏడు గడ్డలు అని ఉంది. తర్వాత ఆ పాము చనిపోయినట్టు కూడా ఉంది."

"నేను ఊరికే అన్నానయ్యా."

"నాకు తెలుసండి. వార్డంతా అదే చెప్పుకుని నవ్వుకుంటున్నారు. కానీ కేసు షీటులో పడింది కదా. పైన మూడో అంతస్తులో కోడింగు సెక్షను వాళ్ళు అందులో ఉన్నదానికే నంబరు వేసి పంపుతారు."

నవ్వుకుంటున్నవాళ్ళంతా కలిసి ఒక్క పామును బయటికి లాగలేరా అని శౌరయ్యకు ఆశ్చర్యం వేసింది. లిఫ్టు స్ట్రెచర్లకే అన్నారు. కాళ్ళు ఈడ్చుకుంటూ, ఒక్కో మెట్టుకూ ఒక్కో పునీతుణ్ణి తలుచుకుంటూ మూడంతస్తులూ ఎక్కాడు.

కోడింగు సెక్షనులో పాతికేళ్ళమ్మాయి బ్లెస్సీ రెండు తెరల ముందు కూర్చుని ఉంది. ముసలాయన రొప్పుతూ రావడం చూసి లేచి, తన కుర్చీ అతనికి వేసింది.

"తాతయ్యా, మీరు పాము తాతయ్యేనా?"

తన పేరు అప్పుడే మారిపోయిందని శౌరయ్యకు తెలిసింది.

"అమ్మా, ఆ పాముని తీసెయ్యి తల్లీ."

"నేను వెయ్యలేదు కదా తాతయ్యా, తియ్యడానికి. లోకంలో ఉన్న ప్రతి జబ్బుకీ ఒక నంబరుంటుంది. దెబ్బ తగిలితే, అది ఎలా తగిలిందో దానికీ ఉంటుంది. ఆవు తన్నితే ఒకటి, ఆవు కరిస్తే ఇంకోటి. పాముకీ ఉంది. డాక్టరు గారు సంతకం పెట్టిన దాంట్లో ఏముంటే దానికే నేను నంబరు వెయ్యాలి. ఉందని రాస్తే ఉన్నట్టే, రాయకపోతే జరగనట్టే."

"నేను ఇక్కడే కూర్చుని లేదంటున్నానుగా."

"మీరు నాతో అంటే చెల్లదు. డాక్టరు గారి కాగితంలో అనాలి. నిన్ననే ఆయనకి రాశా, పాముకీ వాపుకీ సంబంధం ఉందా, తెలపగలరని. రాసినదే సరైనది అని తిప్పి పంపారు." ఆమె తెర మీద చూపించింది. "అంతకంటే గట్టిగా అడగకూడదు. పాము లేదని రాయండి సార్ అన్నానో, డాక్టరు నోట్లో మాట పెట్టినట్టు. నా ఉద్యోగం పోద్ది."

శౌరయ్య కిందికి దిగి నేరుగా డాక్టరు గారినే పట్టుకున్నాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పెద్దాయనా, ముప్ఫై ఏళ్ళ నుంచి నోట్సు రాస్తున్నాను. ఇంతవరకూ కొట్టివేత లేదు." ఆ మాట నిజమే. చదవనివాడికి కొట్టివేయాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది?

మర్నాడు రౌండ్సుకు మిషనును చక్రాల బండి మీద పెట్టుకుని తెచ్చారు. శౌరయ్య దాని ముందు చేతులు కట్టుకుని, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు, జన్మలో మొదటిసారి, అలంకారం లేని నిజం చెప్పాడు. "పాము లేదండి. నన్ను ఏదీ కరవలేదండి. సరదాకి అన్నానండి."

"సరే, సరే" అని డాక్టరు గారు వేలితో పొడిచి పక్క మంచానికి వెళ్ళిపోయారు.

సాయంత్రానికి యేసుకుమార్ ఇంకో కాగితం తెచ్చాడు. ఈసారి మొహం మరింత దిగాలుగా ఉంది. మిషను రాసింది ఇదీ: పాము కరిచిందని మొదట చెప్పిన రోగి ఇప్పుడు కరవలేదంటున్నాడు, మాటల్లో పొంతన లేదు. పైవాళ్ళు అది చూసి, అనుమతికి ముందు మనసు డాక్టరు పరీక్ష కావాలన్నారు.

"అబద్ధం చెబితే పాము కరిచినవాణ్ణి చేశారు. నిజం చెబితే పిచ్చివాణ్ణి చేశారు" అన్నాడు శౌరయ్య.

"నీకు నిజం అలవాటు లేదు, పడలేదు" అంది తెరేసమ్మ. అంటూనే అతని కాలు ఒళ్ళో పెట్టుకుని చూసింది. రెండో గడ్డ కూడా పగిలింది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, "కొండ సంగతి ఎలాగున్నా, కాలు దక్కితే చాలు" అంది. శౌరయ్యకు హాస్యం తోచలేదు.

మనసు డాక్టరు వచ్చి ఇవాళ ఏ వారం, నూరులోంచి ఏడు తీస్తే ఎంత అని అడిగి, ఇతనికేం పిచ్చి లేదని రాసి వెళ్ళాడు. అదీ పంపారు. అయితే పాము సంగతి తేల్చండి అని జవాబొచ్చింది.

శౌరయ్య మళ్ళీ మూడంతస్తులూ ఎక్కాడు.

"నేనేం చెప్పాలో అది చెప్పమ్మా. అక్షరం పొల్లుపోకుండా చెప్పేస్తా."

"చెప్పకూడదు తాతయ్యా." బ్లెస్సీ మూడు వేళ్ళు చూపించింది. "నాకు కావాల్సినవి మూడే. ఏం జబ్బు, ఎక్కడ, ఎందుకు. అది రూలు, ఎవరికైనా చెబుతాను. ఇంకోటి, డాక్టరుని నేను అడగకూడదుగానీ, ఆయన్ని రోగి ఏమైనా అడగొచ్చు. రోగికి రూల్సు లేవు."

శౌరయ్య ఆమె మొహం చూశాడు. మెట్లు దిగుతున్నంత సేపూ పెదాలు కదుపుతూనే ఉన్నాడు. టీ బడ్డీ దగ్గరికి నడిచేటప్పుడు అతను అలాగే పెదాలు కదుపుతాడని తెరేసమ్మకు తెలుసు. ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది.

మర్నాడు పొద్దున పచ్చ దీపం మంచం పక్కకు రాగానే శౌరయ్య లేచి కూర్చున్నాడు.

"డాక్టరు గారూ, మీరు రాసింది నూటికి నూరు పాళ్ళు నిజమండి."

వెంకటకృష్ణారావు గారి మొహం వికసించింది.

"పాము కరిచిన మాట వాస్తవమండి. ఉప్పెన వచ్చిన ఏడు. నాకు అప్పుడు ఇరవయ్యేళ్ళు. దివిసీమలో గడ్డివాములు కొట్టుకొచ్చి తాడిచెట్లకి తగులుకున్నాయి, వాటి నిండా పాములే. శవాలు తియ్యడానికి పోయినవాళ్ళలో నేనూ ఉన్నానండి. అప్పుడు ఏడు కాట్లు. ఇప్పుడేమో పాము లేదండి. మొదట ఉందన్నది అప్పటి మాట, తర్వాత లేదన్నది ఇప్పటి మాట. రెండూ నిజమే కదండీ?"

"అదీ సంగతి" అన్నారు డాక్టరు గారు. ముప్ఫై ఏళ్ళ కొట్టివేత లేని రికార్డు అలా గట్టెక్కింది. "అంటే అది పాతది. ప్రస్తుత సమస్యకు దానితో సంబంధం లేదు."

"మరి ఇప్పుడొచ్చింది ఏంటండీ, ఎక్కడండీ? మా ఆవిడకి చెవులు సరిగా వినపడవు, కాస్త గట్టిగా చెప్పండి."

గుసగుసలు కూడా వినే తెరేసమ్మ చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు గారు మిషను అదిరేటట్టు, రెండు కాళ్ళ పిక్కల మీదా చర్మం అడుగున కొవ్వు వాచిందనీ, కారణం తేలడానికి లోతుగా ముక్క తియ్యక తప్పదనీ, ఒక్కో మాట విడదీసి చెప్పారు. వేలితో పొడిచారు.

పైన బ్లెస్సీ కొవ్వు వాపు నంబరు వేసింది. మధ్యాహ్నానికల్లా అనుమతి వచ్చింది. ముక్క తీశారు, కారణం తేలింది, మాత్రలు మొదలుపెట్టారు. తిరునాళ్ళ నాటికి గడ్డలు ఉలవగింజలంత అయ్యాయి. ఆగి ఆగి ఎక్కినా, గుణదల కొండ శౌరయ్య తన కాళ్ళతోనే ఎక్కాడు.

ఉయ్యూరు వచ్చాక టీ బడ్డీ దగ్గర పాము కథ విప్పాడు. తాడిచెట్టు, బెల్లం, సుగరు, ఏదీ వదల్లేదు. ఊపు మీద జేబులోంచి, ఇంటికి పంపేటప్పుడు తెలుగులో ఇచ్చిన ఆసుపత్రి కాగితం కూడా తీసి, ముద్ర చూపించాడు. ఇక జక్కయ్య తన వంతు పాము తీస్తాడని ఎదురుచూశాడు.

జక్కయ్య కూడబలుక్కుని ఆ కాగితం చదివాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఉప్పెనలో శవాలు తియ్యడానికి పోయావా అన్నా? ఏడు కాట్లు తిన్నావా? ఇన్నేళ్ళలో ఒక్కనాడూ చెప్పలేదే."

"ఒరే, అది అబద్ధంరా."

"ముద్ర ఉందిగా అన్నా" అన్నాడు జక్కయ్య. టీ డబ్బులు కూడా తనే ఇచ్చి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి శౌరయ్య ఏం చెప్పినా బడ్డీ దగ్గర ఎవరూ నవ్వడం లేదు. పాపం, ఎంత చూసిన మనిషో అంటున్నారు.

నెల తర్వాత చూపించుకోవడానికి పటమట వెళ్ళారు. పచ్చ దీపం వెలిగింది.

"కాళ్ళెలా ఉన్నాయి, పెద్దాయనా?"

"బాగున్నాయండి."

"ఇంకేమైనా చెప్పాలా?"

"లేదండి" అని శౌరయ్య నోరు గట్టిగా మూసుకున్నాడు. బస్టాపు దాకా కూడా తెరవలేదు.

"ఏంటయ్యా, మళ్ళీ నొప్పా?" అంది తెరేసమ్మ.

"ఆ మిషను ఏం చెప్పినా నమ్ముద్దే. ఇప్పుడు జక్కయ్య కూడా నమ్ముతున్నాడు. నమ్మేవాళ్ళకి చెబితే పాపం కదా. ఈ ఈస్టరుకి ఫాదర్‌తో ఏం చెప్పను?"

"మరి పెళ్ళిచూపుల్లో ఏడెకరాల చెరుకు తోటుందని నాకు చెప్పావు. నేను నమ్మాను. అదో?"

శౌరయ్య బస్సు వస్తోందేమోనని అటు చూశాడు.

"అది పాతది. ప్రస్తుత సమస్యకి దాంతో సంబంధం లేదు" అన్నాడు.