చౌడమ్మ పాళెంలో ఉండిపోయిన ఎండకాలం

సముద్రాన్ని చూడగానే కృష్ణప్ప రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. నిమ్మనపల్లె దగ్గరి పల్లెలో నాలుగెకరాల చేను, రెండు ఆవులు, ఒక బోరు ఉన్నాయి. ఆయన ఎరిగిన నీళ్లు వెయ్యి అడుగుల లోతున ఉండేవి. కరెంటు ఉన్నంతసేపు పైపులోంచి బొటనవేలంత ధారగా పడేవి. ఇక్కడేమో ఆకాశం ఆనే దాకా నీళ్లే. కంచె లేదు, కాపలా లేదు.

"ఇన్ని నీళ్లు ఉత్తగా పడుండాయే!" అన్నాడు.

"ఉప్పు నీళ్లు నాయనా. సేనికి పనికిరావు," అని కూతురు తేజస్విని నవ్వింది.

తేజస్విని, ఆమె భర్త లోకేష్ తిరుపతి దగ్గర ఒకే కంపెనీలో పనిచేస్తారు. ఏటా ఎండలు ముదరగానే "ఒకసారి సముద్రం సూద్దురు రండి" అని పిలిచేది. ఏటా టమోటా కోతలు అడ్డం వచ్చేవి. ఈ ఏడు బోరు సగానికి పడిపోయి చేను బీడుగా ఉంది. పక్కింటి జయమ్మ రెండు రోజులు ఆవులను చూసుకుంటానంది. అట్లా మే నెలలో ఒక శనివారం, అల్లుడి కార్లో, వాకాడు దాటి, సముద్రపు ఒడ్డున జాలర్ల ఊరైన తూపిలిపాళెం చేరారు.

ఇంత నీటికి లోతెంత ఉంటుందో భార్యను అడుగుదామని కృష్ణప్ప పక్కకు తిరిగాడు. చౌడమ్మ పక్కన లేదు. ఇసుకలో ఆమె చెప్పులు మాత్రం ఉన్నాయి. తలెత్తి చూస్తే ఆమె తిన్నగా నీళ్లలోకి నడిచిపోతూ ఉంది. చీర కుచ్చిళ్లు కూడా ఎత్తి పట్టుకోలేదు. మోకాళ్ల లోతుకు పోయి, ఇంటి వాకిట్లో కూర్చున్నట్టు కూర్చుంది. అంతలోనే ఒక అల ఆమె తల మీదుగా వచ్చి పడింది.

"మేయ్! చౌడా!" అని కృష్ణప్ప కేక పెట్టాడు. కాళ్లు మాత్రం కదల్లేదు.

అల వెనక్కి పోయింది. చౌడమ్మ అక్కడే ఉంది. వెంట్రుకలు ముఖానికి అంటుకుపోయి, నోట్లోని ఉప్పునీళ్లు ఉమ్మేస్తూ, పగలబడి నవ్వుతూ ఉంది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఆ నవ్వు వినలేదు. ఇంట్లో ఆమె నవ్వితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఇది ఒడ్డు మీది మనుషులంతా తిరిగి చూసేటంత నవ్వు.

రాత్రి భోజనం కాంతమ్మ ఇంట్లో. ఆమెకు ఒడ్డున తాటాకుల పాక ఉంది, వచ్చినవాళ్లకు వండి పెడుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఎండకాలం రెండు నెలలు మర పడవలు వేటకు పోకూడదు కనక పాళెంలో పడవలన్నీ ఇసుకలోకి లాగి పెట్టి ఉన్నాయి. మగవాళ్లు వాటి నీడన వలలు బాగు చేసుకుంటున్నారు. ఉప్పుటేట్లో పట్టిన చేపలతో, మామిడికాయ వేసి కాంతమ్మ పులుసు పెట్టింది. కృష్ణప్ప కోడిగుడ్డు చాలన్నాడు. చౌడమ్మ విస్తరి దగ్గరకు లాక్కుని, ముల్లు వేలితో తీసి పక్కన పెడుతూ, మూడు ముక్కలు తినింది. ఒక్క ముల్లు కూడా నోట్లోకి పోలేదు.

"నువ్వు సేపలు తింటావా?" అన్నాడు కృష్ణప్ప.

చౌడమ్మ విస్తరి ముందుకు జరిపి నాలుగో ముక్క వేయించుకుంది.

ఆదివారం పొద్దున తాటిముంజలు వచ్చాయి. చౌడమ్మ బొటనవేలు గుచ్చి జుర్రుకుంటూ ఉంటే నీళ్లు మోచేతి దాకా కారాయి. మధ్యాహ్నం సముద్రం మీదినుంచి గాలి మొదలైంది. తమ మదనపల్లె పక్క ఆ వేళకు గోడలు కూడా సెగలు కక్కుతాయి. ఇక్కడ సరుగుడు తోపులో ఆకులు హోరుమంటూ ఒళ్లు చల్లబడింది. చౌడమ్మ ఒక పాత వల మీద కొంగు పరుచుకుని నిద్రపోయింది. కృష్ణప్ప ఆమె పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు. పగటిపూట ఆమె నిద్రపోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఒంట్లో బాగలేదేమోనని భయం వేసి రెండుసార్లు నుదురు తాకి చూశాడు.

సోమవారం పొద్దున కారులో సంచులు పెడుతుంటే చౌడమ్మ తన సంచి తీసి కింద పెట్టుకుంది.

"నేను రాను."

"యాడికి రావు?" అన్నాడు కృష్ణప్ప, అర్థం కాక.

"ఇంటికి. ఈ ఎండకాలం ఈడే ఉంటా. కాంతమ్మతో మాట్లాడినా. ఆమె కూతురు పెండ్లయి పోయిందంట, గది కాళీగా ఉండాది. వంటలో ఆమెకు సెయ్యి సాయం సేస్తా."

"అమ్మా, తమాషా సేస్తాండావా?" అంది తేజస్విని. లోకేష్ తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడవసాగాడు.

"తమాషా ఏముంది? సేనులో పనుండాదా? లేదు. వాన పడితే వస్తా, శనక్కాయ విత్తాల గదా."

కృష్ణప్పకు చెవుల్లో హోరు వినిపించింది. అది సముద్రమో తన తలో తెలియలేదు. "ఆవులు? వంట? ఊళ్లో వాళ్లు అడిగితే ఏం సెప్పేది? ఏమైందే నీకు?"

"ఏమీ కాలా, తేజూ నాయనా. ఈడ బాగుండాది. అంతే."

కోపంతో చెప్పి ఉంటే ఆయనకు సర్దిచెప్పడం తెలుసు. ఏడ్చి ఉంటే అదీ తెలుసు. ఆమె కొళాయి దగ్గర పక్కింటావిడతో మాట్లాడినంత మామూలుగా చెప్పింది. కారు కదిలాక వెనక అద్దంలోంచి చూశాడు. తమ కారు మలుపు తిరగకముందే ఆమె నీళ్ల వైపు నడిచిపోతూ ఉంది.

ఇంట్లో ఆయనకు ఉప్పు ఎక్కడుందో తెలియలేదు. చింతపండు జాడీ అనుకుని తీస్తే అందులో సూదులూ దారాలూ ఉన్నాయి. పొదుగు మీద ఆయన చేయి పడగానే పెద్దావు కాలు విసిరింది. చెంబు వసారాలోకి ఎగిరిపడింది. జయమ్మ గోడ మీదినుంచి చూసి, "అక్క యాడన్నా?" అంది.

"కూతురింట్లో ఉండాది. ఒంట్లో నలతగా ఉంటే..." అని అబద్ధం చెప్పాడు.

ఫోన్ చేస్తే చౌడమ్మ ఎత్తేది కాదు. కాంతమ్మ ఎత్తేది. "అక్క నీళ్లల్లో వుండాదన్నా," అనేది ఒకసారి. "అక్క నిద్రపోతా వుండాదన్నా," అనేది ఇంకోసారి. తొమ్మిదో రోజుకు ఆయనకు పట్టరాని కోపం వచ్చింది. మెడ పట్టుకుని అయినా లాక్కొస్తాననుకుని తెల్లారుజామునే మదనపల్లెలో బస్సెక్కాడు. తిరుపతిలో మారి, నాయుడుపేటలో మారి, చివరికి ఆటోలో పాళెం చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది.

సరుగుడు తోపులో నలుగురు ఆడవాళ్లు ఇసుకలో గీతలు గీసి, పులులకూ మేకలకూ రాళ్లు పెట్టి పులిజూదం ఆడుతున్నారు. ఒకామె గట్టిగా అరుస్తూ ఉంది. "నా పులిని యాడ కట్టినావు నువ్వు? దొంగాట! ఆ రాయి తియ్యి!" నీలం పూల నైటీ, విడిచిన తడి జుట్టు, ఎండకు మాడి నల్లబడిన ముఖం. కృష్ణప్ప ఆమెను దాటి పదడుగులు ముందుకు పోయాడు. ఆ గొంతు ఎవరిదో అప్పుడు తెలిసి, వెనక్కి తిరిగాడు. కట్టుకున్న భార్యను గుర్తుపట్టలేదు తను.

చౌడమ్మ తలెత్తి చూసింది. "వచ్చినావా? కూర్సో. ఈ ఆట అయిపోనీ," అని మళ్లీ రాళ్ల మీదికి వంగింది.

బస్సులో ఆరుగంటలు కూడబెట్టుకున్న తిట్లన్నీ మింగి, చెప్పులు విడిచి ఇసుకలో కూర్చున్నాడు.

కాంతమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "నీకు ఈసారి కూడా కోడిగుడ్డేనా అన్నా? చేప వాసన నీకు పడదంట గదా. అందుకే అక్క ఇన్నేళ్లు ముట్టలేదంట."

"ఎవురు సెప్పినారు?" అన్నాడు కృష్ణప్ప తెల్లబోయి. "మేమెప్పుడూ ఇంట్లో సేపలు వండనే వండం. దానికే ఇష్టం లేదు."

ఆట ఆగింది. చౌడమ్మ చేతిలోని రాళ్లు కింద పెట్టింది.

"మాది వెంకటగిరికోట పక్క ఊరు గదా," అంది, ఆయనతో కాక ఆ ఆడవాళ్లతో చెబుతున్నట్టు. "ఎండకాలం సెరువు అడుగంటితే ఊరంతా సేపలకు దిగేది. నేనూ మా అన్నా నడుం లోతు బురదలో. ఆ నెలంతా ఇంటింటా ఆ పులుసే. పెండ్లయిన వారానికి మా అమ్మ ఎండు సేపలు పొట్లం కట్టి పంపించింది. వేయిద్దామని విప్పినా. ఈయన బయటినుంచి వచ్చి, ఏందీ కంపు అని, తీసుకపోయి పేడదిబ్బలో ఇసిరేసినాడు."

"నేనా?"

"నువ్వే."

కృష్ణప్ప ఎంత వెతుక్కున్నా ఆ రోజు ఆయనకు గుర్తు రాలేదు. పెండ్లి గుర్తుంది, ఆ ఏడు పడిన వడగండ్ల వాన గుర్తుంది. పొట్లం మాత్రం లేదు. తను చేసి మరిచిపోయినది ఒక మనిషి నోటికి ముప్పై నాలుగేళ్లు తాళం వేసిందని తెలిసి ఆయన చేతిలోని మజ్జిగ కింద పెట్టాడు. ఇంకా ఎన్ని ఉన్నాయో. అడగడానికి ధైర్యం చాలలేదు.

"సెప్పుంటే తెచ్చేవాణ్ణి గదా మే," అన్నాడు. ఆ మాట తనకే నమ్మకంగా వినిపించలేదు.

"ఏమో," అంది చౌడమ్మ. "సెప్పాలని నాకూ తోచలా. ఈడికి వచ్చినాకే తోచింది."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఆయనను ఎక్కువ కుదిపింది.

ఆ రాత్రి పాక అరుగు మీద పడుకున్నాడు. తెల్లారాక చౌడమ్మ వచ్చి లేపింది. "దా, నీళ్లల్లోకి పోదాం." వద్దనడానికి నోరు తెరిచి, ఊరుకుని, పంచె ఎగగట్టి ఆమె వెనకే నడిచాడు. మొదటి అల మోకాళ్లకు తగిలింది. అది వెనక్కి పోతున్నప్పుడు పాదాల కింద ఇసుక కరిగిపోయింది. కృష్ణప్ప కేక పెట్టాడు.

"నేల పోతా ఉండాదే! మేయ్, నేల పోతా ఉండాది!"

"పోనీ. నా సెయ్యి పట్టుకో."

పట్టుకున్నాడు. రెండో అల ఇద్దరినీ కూలదోసింది. ముక్కులోకి, నోట్లోకి ఉప్పునీళ్లు పోయి, లేచి, దగ్గి, కళ్లు తెరిచి చూస్తే పంచె సగం ఊడి ఉంది. చౌడమ్మ కడుపు పట్టుకుని నవ్వుతోంది. సిగ్గుపడాలో కోప్పడాలో తేల్చుకునే లోపల మూడో అల వచ్చింది.

మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే బయల్దేరాడు. రమ్మని అడగలేదు. "ఉప్పు యాడుంటాది?" అని మాత్రం అడిగాడు. పొయ్యి వెనక గూట్లో, మూత లేని డబ్బాలో ఉంటుందని చెప్పింది.

ఊళ్లో ఈసారి జయమ్మకు నిజమే చెప్పాడు. "సముద్రం కాడ, కాంతమ్మ అనే ఆమె ఇంట్లో ఒక గదిలో ఉండాది. బాగుండాదంట. వాన పడితే వస్తాది." జయమ్మ తెరిచిన నోరు మూయకుండా నిలబడిపోయింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. కొందరు నవ్వారు. ఒకరిద్దరు మొగుడూ పెళ్లాలకు చెడిందన్నారు. కృష్ణప్ప వివరం చెప్పబోలేదు. తనకే సరిగా తెలియని సంగతి ఎవరికని చెబుతాడు?

జూన్ రెండో వారంలో నిమ్మనపల్లెలో గట్టి వాన పడింది. మూడో రోజు చౌడమ్మ బస్సు దిగింది. రోడ్డు మీద ఎదురుచూస్తున్న కృష్ణప్ప ఈసారి ఆమెను దూరంనుంచే గుర్తుపట్టాడు. ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, చేను ఎంత తడిసిందో చూసి వచ్చి, విత్తనం కాయలు ముందేసుకుని వొలవడానికి కూర్చుంది. పడవలు ఎల్లుండి నీళ్లలోకి పోతాయని, కాంతమ్మ మనవరాలికి ముందుపన్ను ఊడిందని చెబుతూ పోయింది. కృష్ణప్ప కూడా కాయలు వొలుస్తూ వింటూ ఉన్నాడు.

చీకటి పడకముందే జయమ్మ వచ్చింది. ఏవేవో అడుగుతుందని కృష్ణప్ప గుండె చిక్కబట్టుకున్నాడు. జయమ్మ మెట్టు మీద కూర్చుని, వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"అక్కా, సముద్రం కాడి ఆ గదిలో ఇంకో మనిషికి చోటుంటాదా?"

కృష్ణప్ప చేతిలోని కాయ వొలవకుండా అట్లాగే పట్టుకుని చూశాడు.

"ఉంటాది," అంది చౌడమ్మ, చేటను జయమ్మ వైపు కాస్త జరిపి. "నీకు ఈత వచ్చునా?"