సి డివిజన్ గోల్‌కీపరు

రాజారావు దృష్టిలో ఆటలు రెండు రకాలు. టీవీలో చూసే క్రికెట్టు ఒకటి, చదువు పాడుచేసే తక్కినవన్నీ రెండోవి. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఐటీ విభాగంలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న ఆయనకి ఒక్కతే కూతురు, కావ్యశ్రీ. పదిహేడు నిండాయి. ఆ పిల్ల ఆరేళ్ళుగా శనివారాలు ఊళ్ళోని అమ్మాయిల క్లబ్బులో గోల్‌కీపరుగా ఆడుతోంది. తెలుగువాళ్ళ పార్టీల్లో ఎవరైనా "అమ్మాయి రాలేదేం?" అంటే రాజారావు "మాథ్స్ ట్యూషనండీ" అనేవాడు.

"ఆరేళ్ళ ట్యూషను తర్వాత కూడా బి గ్రేడేనా అన్నయ్యా?" అని చక్రి ఒకసారి అడిగాడు.

చక్రి అదే ఆఫీసులో ఇంకో టీమ్ లీడు. కొడుకు ఆదర్శ్ కేంబ్రిడ్జ్‌లో చదువుతున్నాడు. ఆ సంగతి చక్రి చెప్పేలోపే ఆయన కారు వెనకద్దం మీది స్టిక్కరు చెప్పేస్తుంది. కావ్యశ్రీ కూడా కేంబ్రిడ్జ్‌కే వెళ్ళాలని రాజారావు ఎప్పుడో తీర్మానించాడు. కావ్యశ్రీని మాత్రం అడగలేదు.

ఆ చలికాలం క్లబ్బు కోచ్ డెబ్బీ ఏవో ఫారాలు నింపుతూ ఒక గడి దగ్గర ఆగింది.

"నువ్వు జిబ్రాల్టర్‌లో పుట్టావా?"

పుట్టింది. పెళ్ళయిన కొత్తలో రాజారావు మూడేళ్ళు అక్కడ ఒక బెట్టింగ్ వెబ్‌సైటు సర్వర్లు చూసుకున్నాడు. స్పెయిన్ కొసన ఒక పెద్ద కొండ, కొండ మీద కోతులు, కొండ కింద ముప్పై, నలభై వేలమంది జనం. అంత జనం మన దగ్గర ఒక మోస్తరు మండలంలో ఉంటారు. కాని ఫుట్‌బాల్ లెక్కలో అదొక దేశం. దానికొక ఆడవాళ్ళ జాతీయ జట్టు ఉంది, ఆ జట్టుకి గోల్‌కీపర్ల కరువుంది. డెబ్బీ ఈమెయిల్ పెట్టింది. హాఫ్ టర్మ్ సెలవుల్లో కావ్యశ్రీ స్నేహితురాలి ఇంటికని చెప్పి ట్రయల్స్‌కి వెళ్ళొచ్చింది. అది తెలిసింది వాళ్ళమ్మ బేబీకి మాత్రమే. రెండో గోల్‌కీపరుగా తీసుకున్నామని ఉత్తరం వచ్చాక ఇక దాచడం కుదరలేదు. బర్త్ సర్టిఫికెట్టు రాజారావు బీరువాలో ఉంది మరి.

"దేనికది?" అన్నాడు రాజారావు లాప్‌టాప్ నుంచి తలెత్తకుండా.

"నేషనల్ టీమ్‌కి సెలక్ట్ అయ్యా, నాన్నా. రిజిస్ట్రేషన్‌కి కావాలి."

రాజారావు లాప్‌టాప్ మూశాడు. "ఏ నేషను?"

"జిబ్రాల్టర్."

"అది నేషనా? కొండ కదా?"

"ఫుట్‌బాల్‌లో నేషనే."

"అంటే నిన్ను ఇంటర్నేషనల్ ప్లేయర్ అంటారా?"

"టెక్నికల్లీ, యా. బట్ అయామ్ ఆన్ ద బెంచ్. ఆడించరు."

రాజారావు చెవులకి ఇంటర్నేషనల్ అన్న మాట తప్ప ఇంకేమీ వినపడలేదు. బీరువా తాళం తీస్తూ, "యూనివర్సిటీ అప్లికేషన్‌లో మొదటి లైనులోనే రాయాలి ఇది. ఆ బెంచీ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు" అన్నాడు.

తర్వాతి శనివారం ఒక బర్త్‌డే పార్టీలో మాథ్స్ ట్యూషను శాశ్వతంగా రద్దయింది. "చిన్నప్పట్నుంచీ నేనే ఎంకరేజ్ చేశానండీ. ఆడపిల్లలకి ఆటలు ఉండాలి" అని రాజారావు నలుగురిలో చెబుతుంటే, పక్కనే ఉన్న బేబీ చేతిలోని సమోసాని చాలాసేపు పరీక్షగా చూసింది. ఆరేళ్ళు వానలో, మంచులో పిల్లని దింపి, గోలు పక్కన గొడుగేసుకుని నిలబడింది ఆవిడే.

"ఏ లెవెల్లో అన్నయ్యా?" అన్నాడు చక్రి.

"నేషన్స్ లీగ్. సి."

"సి అంటే?"

"కాంటినెంటల్" అన్నాడు రాజారావు తడుముకోకుండా.

ఆడవాళ్ళ నేషన్స్ లీగ్‌లో ఎ, బి, సి అని మూడు మెట్లు. సి కింద గడ్డి తప్ప ఇంకేమీ లేదు. ఈ సంగతి ఫోన్లో చూస్తే ఎవరికైనా అర నిమిషంలో తెలుస్తుంది. చక్రికి ఆ రాత్రే తెలిసింది. కాని పైకి అనలేదు. కొన్ని సంగతులు జనం మధ్య వాటంతటవే బయటపడితేనే బావుంటాయని ఆయన నమ్మకం.

అందుకే తెలుగు సంఘం తరఫున కమ్యూనిటీ హాల్లో మ్యాచ్ చూపిద్దామని చక్రే సలహా ఇచ్చాడు. రాజారావు పొంగిపోయాడు. బేబీ వద్దంది. "దాన్ని ఆడించరు కదండీ, ఏం చూపిస్తారు?" అంది. "కెమెరా బెంచీ మీదకి కూడా వెళ్తుందిలే" అన్నాడాయన.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి హాలు నిండింది. అరవైమంది దాకా వచ్చారు. గుమ్మం మీద బ్యానరు, వెనక బల్లల మీద ట్రేల నిండా బిర్యానీ, ఎదురుగా తెర. సంఘం అధ్యక్షురాలు పుష్పలీల, హైదరాబాదు ఆవిడ, మైకు అందుకుంది. "మన బిడ్డ యూరప్ల ఆడుతున్నది. గట్టిగ చప్పట్లు కొట్టుండ్రి."

సరిగ్గా అప్పుడే తెర మీద ఆడేవాళ్ళ పేర్లు వచ్చాయి. మొదటి గోల్‌కీపరుకి వార్మప్‌లో మడమ బెణికింది. ఒకటో నంబరు దగ్గర కావ్యశ్రీ పేరు ఉంది.

రాజారావు కళ్ళు చెమ్మగిల్లాయి. తను ఊరంతా తిరిగి చెప్పిన అబద్ధం నిజమైపోయింది. ఆ అదృష్టం నాలుగు నిమిషాలు నిలిచింది.

నాలుగో నిమిషంలో మొదటి గోలు పడింది. "ఇంకా వేడెక్కలేదు" అన్నాడు రాజారావు. పదకొండులో రెండోది. "రిఫరీ అన్యాయం." ఇరవైలో మూడోది పడేసరికి ఆయన దగ్గర కారణాలు అయిపోయాయి. జనంలో కూడా మూడో గోలు దాకా ఉన్న దేశభక్తి నాలుగో గోలుకి బిర్యానీ వైపు మళ్ళింది. ప్లేట్ల చప్పుడు మొదలైంది. చక్రి మాత్రం ముందు వరసలోంచి కదల్లేదు. "పాపం, కొండ దేశం కదా. చదునైన చోట అలవాటుండదేమో" అన్నాడు పక్కాయనతో, అందరికీ వినపడేలా.

అయిదో గోలు పడగానే తెర నల్లబడింది. వైరు రాజారావు చేతిలో ఉంది.

"నెట్ స్లోగా ఉందండీ. అందరూ భోంచెయ్యండి."

వెనక పెరుగుపచ్చడి వడ్డిస్తున్న బేబీ గిన్నె బల్ల మీద పెట్టి వచ్చింది.

"నెట్ బానే ఉంది. పెట్టండి."

"పరువు పోతోందే" అన్నాడాయన గొంతు తగ్గించి.

"పిల్ల అక్కడ నిలబడి ఆడుతోంది. మీరిక్కడ కూర్చుని చూడలేరా? పెట్టండి."

ఇరవయ్యేళ్ళ కాపురంలో బేబీ నలుగురిలో ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. రాజారావు వైరు పెట్టాడు. బేబీ ముందు వరసలో చక్రి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అన్నయ్య గారూ, కొండ సంగతి తర్వాత చెబుదురు గాని, ఆ వెనక ఆడే ముగ్గుర్నీ చూడండి. ఇద్దరు స్కూల్ టీచర్లు. పొడుగమ్మాయి నర్సు, నిన్న సాయంత్రం దాకా డ్యూటీలో ఉంది. అవతలివాళ్ళు జీతాలు తీసుకుని ఆడతారు. బంతి మన సగంలోంచి బయటికి పోతే కదా. మీరు గోల్స్ లెక్కపెడుతున్నారు. నేను మా పిల్ల ఆపినవి లెక్కపెడుతున్నా. ఇప్పటికి తొమ్మిది."

చక్రి గొంతు సవరించుకున్నాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో కూడా ఆ సాయంత్రమే బేబీ దగ్గర నేర్చుకున్నాడు.

డెబ్బై ఎనిమిదో నిమిషంలో, స్కోరు ఏడు సున్నా మీద ఉండగా, అవతలి జట్టుకి పెనాల్టీ వచ్చింది. కావ్యశ్రీ ఎడమవైపు దూకి రెండు చేతులతో బంతిని ఆపింది. హాల్లో మిగిలిన పాతికమందీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే, తిరిగొచ్చిన బంతిని ఇంకొకామె తాపీగా లోపలికి తన్నింది.

ఎనిమిది.

ఆ రాత్రి సంఘం వాట్సాప్ గ్రూపులో పుష్పలీల "ప్రౌడ్ మూమెంట్" అని పెట్టింది. దాని కింద చక్రి చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు పెట్టాడు. ఏడు కాదు, తొమ్మిది కాదు. లెక్క తప్పకుండా ఎనిమిది. రాజారావు గ్రూపుని మ్యూట్ చేసి పడుకున్నాడు.

ఆదివారం గాట్విక్ ఎయిర్‌పోర్టు నుంచి కూతుర్ని తీసుకురావడానికి వెళ్ళేటప్పుడు దారంతా ఓదార్పు మాటలు కూర్చుకున్నాడు. కావ్యశ్రీ కుడిచేతి చూపుడువేలు వాచి ఉంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"బెస్ట్ డే ఆఫ్ మై లైఫ్, నాన్నా."

ఆయన కూర్చుకున్న మాటల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

"ఎనిమిది పడ్డాయి కదమ్మా."

"ఇరవై రెండు షాట్లు. పద్నాలుగు ఆపా."

రాజారావు మనసులో తీసివేత చేసుకున్నాడు. లెక్క సరిపోయింది. కారు హైవే మీద ఫ్లీట్ సర్వీసెస్ దాటింది. తర్వాత, "ఆ డిఫెండర్ల మీద ఏమిటో తెగ అరుస్తున్నావు" అన్నాడు.

"అరవడం కీపర్ పనే."

"వింటున్నారు వాళ్ళు. నీకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు."

"వినాలి. నాకు మాత్రమే మొత్తం కనిపిస్తుంది."

ఆఫీసులో రాజారావు టీములో ఎనిమిదిమంది ఉన్నారు. తన మాట ఎవరు వింటారో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడేమో తెలీదు.

ఇంటికొచ్చి గంట కాకుండానే చక్రి ఫోన్ చేశాడు. దెప్పడానికే అనుకుని రాజారావు ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. కావ్యశ్రీ వేలికి ఐసు కడుతున్నాడేమో, చేతులు ఖాళీ లేక స్పీకర్లో పెట్టాడు.

"అన్నయ్యా, సీరియస్ విషయం. మా అమ్మాయి ప్రవల్లిక మాల్టాలో పుట్టింది, మేం అక్కడ ప్రాజెక్టులో ఉన్నప్పుడు. దానికీ ఇలాంటిదేదైనా కుదురుతుందా? ఆదర్శ్‌ని కోవెంట్రీలో పుట్టించి తప్పు చేశాం. ఇంగ్లండ్ టీములో మనకెవరిస్తారు చోటు?"

రాజారావు వెన్ను నిటారుగా అయింది. కుర్చీలో సర్దుకుని, గొంతు బరువు చేసుకున్నాడు. "దానికొక ప్రాసెస్ ఉంటుంది చక్రీ. ముందు ఎలిజిబిలిటీ చూడాలి. మాలాగా ప్లాన్ చేసుకోవాలి..."

కావ్యశ్రీ ఫోను వైపు వంగింది. "అంకుల్, వీ లాస్ట్ ఎయిట్ నిల్. మాది ఆఖరి డివిజను."

"తెలుసమ్మా. అందుకే కదా అడుగుతోంది" అన్నాడు చక్రి.

"ప్రవల్లికకి ఫుట్‌బాల్ ఇష్టమేనా?"



"అది ఇంకా అడగలేదమ్మా."